పంచ కూసాల మీది రంగు: తక్కువ ఒత్తిడి బ్లాస్టింగ్ మిషన్ ఎంపిక, ప్రొద్దుటూరు పని

ప్రొద్దుటూరులో ఒక పాత చవుడు మిద్దె, అంటే మట్టి కప్పు ఇల్లు. ముందు పంచకు (వసారాకు) ఎనిమిది నాపరాతి కూసాలు, అంటే స్తంభాలు, లోపలికి చెక్కుడు పని ఉన్న టేకు వాకిలి, కింద కడప బండల గచ్చు. అన్నదమ్ములు ముగ్గురిలో ఇద్దరు బెంగళూరు, హైదరాబాదుల్లో ఉంటారు. పెద్దాయన ఇక్కడే. ఇల్లు పడగొట్టకుండా బాగుచేసుకుందామని ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చాక, కూసాల మీది రంగు తీయడానికి నన్ను పిలిచారు. నా దగ్గరికి మామూలుగా వచ్చేవి గేట్లు, నీళ్ల ట్యాంకులు, లారీ చాసిస్‌లు. వాటికి వాడే బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో పొడిని చిమ్మి తుప్పు, రంగు లేపే) మిషన్‌తో ఈ కూసాలను ముట్టుకోవడం కుదరదు. కాబట్టి ముందు మిషన్ వెతుక్కోవాల్సి వచ్చింది. పనికన్నా ఆ వెతుకులాటే ఎక్కువ నేర్పింది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కూసాల మీద ఏముంది, కింద ఏముంది

చాకుతో ఒక మూల పొరలు పొరలుగా తీసి చూశాం. పైన సిల్వర్ పెయింట్, దాని కింద ఆకుపచ్చ ఆయిల్ పెయింట్, కింద నీలం డిస్టెంపర్. ఆ అడుగున ఏటేటా పండక్కి కొట్టిన సున్నం, నడుమ నడుమ జాజు పట్టెలు. సున్నమే ఒక నాణెం మందం పేరుకుంది. అన్నిటికీ కింద రాయి, దాని మీద వడ్డెవాళ్ల ఉలి గాట్లు, వరసగా, ఒకే వాలులో.

పెద్దాయన అడిగింది ఒక్కటే: "ఏమబ్బా, రంగు పోతాదా, రాయి పోతాదా? రంగు పోవాల. ఆ ఉలి గాట్లు మాత్రం ఉండాల." ఇంతకన్నా మంచి స్పెసిఫికేషన్ నాకు ఏ ఇంజనీరూ ఇవ్వలేదు.

రాయి మన నార్జి సున్నపురాయి. జమ్మలమడుగు పక్కన ఉన్న నార్జి పేరే భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఈ రాతికి పెట్టారు. గట్టిగా, సన్నటి రేణువులతో, నల్లటి బూడిద రంగులో ఉంటుంది. చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా దీనిలో ఉన్నది ప్రధానంగా కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్ ఖనిజం. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో కాల్సైట్ కాఠిన్యం 3, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7, గార్నెట్‌ది 7 నుంచి 7.5, అల్యూమినియం ఆక్సైడ్‌ది 9. ఇసుకతో కొడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నల్లరాయి ముందు తెల్లబారుతుంది, తర్వాత గాట్ల అంచులు గుండ్రబడతాయి. ఆ తెలుపు మరక కాదు, పైపొర రేణువులు చిట్లి వెలుతురును చెదరగొట్టడం. కడిగితే పోదు.

మిషన్లు అమ్మేవాళ్లు అందరూ ఒక సూత్రం చెప్తారు: పొడి రంగుకన్నా గట్టిగా, రాతికన్నా మెత్తగా ఉంటే చాలని. ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు. గోడకు కొట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే తీయాల్సిన పొర, కాపాడాల్సిన రాయి రెండూ ఒకే ఖనిజం. రెండిటికీ తేడా కాఠిన్యంలో లేదు, అల్లికలో ఉంది. రాతిలో రేణువులు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉంటాయి. సున్నప్పొర గుల్లగా ఉంటుంది, పట్టు తక్కువ. కాబట్టి సున్నాన్ని విడగొట్టడానికి చాలినంత, రాతిని చిట్లించడానికి చాలనంత దెబ్బ కావాలి. ఈ రెండిటి నడుమ సందు చాలా సన్నం. ఆ సన్నటి సందులో దెబ్బను కదలకుండా నిలిపే మిషన్ ఏదన్నదే నా ప్రశ్న. ఎంత ఒత్తిడి దాకా పోతుందన్నది కాదు, ఎంత తక్కువలో నిలకడగా నడుస్తుందన్నది.

దెబ్బ అంటే ఒత్తిడి ఒక్కటే కాదు. రేణువు వ్యాసం రెట్టింపైతే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. అదే వేగంతో పోయే 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువు 100 మైక్రాన్ల రేణువుకన్నా ఎనిమిది రెట్లు గట్టిగా తగులుతుంది. గేజ్ మీద ముల్లు ఎంత తగ్గించినా పొడి మొరటుగా ఉంటే ఫలితం లేదు. సన్న పొడి నడపలేని మిషన్ నాకు పనికిరాదని ఇక్కడే తేలిపోయింది.

పక్కన పెట్టినవి

పొడి పోసి ఒత్తిడి పెట్టే గిన్నెను పాట్ అంటారు. నా సైట్ పాట్‌కు 8 మిల్లీమీటర్ల నాజిల్ (పొడి బయటికి చిమ్మే మూతి) ఉంటుంది, 6 బార్ల ఒత్తిడి దగ్గర నడుస్తుంది. ఆ నాజిల్ ఒక్కటే నిమిషానికి 140 ఘనపుటడుగుల గాలి తాగుతుంది, డీజిల్ కంప్రెసర్ లేనిదే కదలదు. దాన్నే 1 బార్‌కు దించి వాడొచ్చు కదా అని నా కుర్రాళ్లు అడిగారు. దించొచ్చు, ముల్లు దిగుతుంది. కానీ లావుపాటి హోస్‌లో గాలి వేగం పడిపోయి పొడి అడుగున కూర్చుంటుంది, కాసేపు ఉత్త గాలి, ఉన్నట్టుండి గుప్పెడు పొడి. మెత్తటి రాతి మీద ఆ ఒక్క గుప్పెడు చాలు.

మార్కెట్లో చవగ్గా దొరికే సక్షన్ గన్‌లు, అంటే కింద గిన్నె ఉండి గాలి లాగుడుకు పొడి పైకి వచ్చేవి. తుప్పుకు, చిన్న సామాన్లకు బాగుంటాయి. వీటిలో పొడిని పైకి లాగేదే గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గిస్తే లాగుడూ తగ్గుతుంది. మనకు కావాల్సిన తక్కువ దగ్గరే ఇవి దగ్గడం మొదలుపెడతాయి.

కట్టుడు పళ్లు చేసే ల్యాబుల్లో వాడే పెన్ బ్లాస్టర్ నాకు బాగా నచ్చింది. 50 మైక్రాన్ల పొడిని సన్నటి ధారగా, చెప్పినట్టు వదులుతుంది. ఒక అక్షరం, ఒక పువ్వు రేక శుభ్రం చేయాలంటే దాన్ని మించింది లేదు. ఎనిమిది కూసాలకు మాత్రం ఏళ్లు పడుతుంది. పైగా వాటిలో మామూలుగా వేసేది అల్యూమినియం ఆక్సైడ్.

నీళ్లతో కలిపి సుడి తిప్పుతూ వదిలే పద్ధతి ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో జాస్, ఆ తర్వాత టార్క్ పేరుతో పాత కట్టడాల మీద వాడుతున్నది అదే. దుమ్ము లేవదు, దెబ్బ మెత్తగా తగులుతుంది. రాతి కట్టడం అయితే నేను దానికే ఓటేసేవాణ్ని. కానీ ఇది చవుడు మిద్దె. గోడలు బంకమట్టితో కట్టినవి, పైకప్పు దూలాల మీద మట్టి. పంచలో రోజంతా నీళ్లు పారితే కూసాల మాట దేవుడెరుగు, గోడ అడుగులు మెత్తబడతాయి. ఈ ఇంట్లో నీటికి చోటు లేదు.

మిగిలింది చిన్న ప్రెషర్ పాట్. పొడి గిన్నెలోనే ఒత్తిడి ఉంటుంది, పొడి కిందికి జారి గాలిలో కలుస్తుంది, లాగుడు పని లేదు. ఇటలీలో ఐబిక్స్ లాంటివాళ్లు చేసే చేత్తో మోసే మిషన్లు ఈ తరహావే. మన దగ్గర పాట్ చేసి వాల్వులు, రెగ్యులేటర్లు విడిగా బిగించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నేను రెండో దారి పట్టాను. డబ్బు ఒక కారణం. అసలు కారణం, ఏ భాగం చెడినా కడపలోనో కర్నూలులోనో దొరికేదై ఉండాలి.

గాలి లెక్క

ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. దాని మీద నడిచేది మహా అయితే 3 హెచ్‌పీ కంప్రెసర్. ప్లేటు మీద రాసేది పిస్టన్ ఊడ్చే గాలి. గన్ దాకా అందేది సుమారు అందులో మూడింట రెండొంతులు అనుకుని లెక్క వేసుకోవాలి. అట్లా చూస్తే నా చేతిలో నిమిషానికి 8 ఘనపుటడుగులు ఉన్నాయి.

1 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల నాజిల్‌కు సుమారు 6 ఘనపుటడుగులు పడుతుంది. 4.5 మిల్లీమీటర్ల నాజిల్‌కు 13. కాబట్టి ఏ నాజిల్ అన్న చర్చ అక్కడే ముగిసింది, 3 మిల్లీమీటర్లదే. ఇంకో సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. నాజిల్ అరుగుతుంది. 3 కాస్తా 3.5 అయితే రంధ్రం వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, గాలి ఖర్చూ అంతే పెరుగుతుంది, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటుంది. పింగాణీ నాజిల్ చవక, కానీ తొందరగా అరుగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌ది తీసుకున్నాను. డ్రిల్ బిట్ వెనుక వైపు దూర్చి అప్పుడప్పుడు కొలుస్తాం.

పెద్ద నాజిల్ పెట్టుకుని పని తొందరగా ముగించొచ్చని ఒక అమ్మకందారు గట్టిగా వాదించాడు. జనరేటర్ పెట్టుకోండి అన్నాడు. తొందర ఎవరికి కావాలి?

రెగ్యులేటర్, గేజ్, హోస్

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే బ్రోషర్లలో ఎవరూ రాయరు.

మామూలు పాట్‌తో వచ్చే గేజ్ 0 నుంచి 10 బార్లది, 2.5 క్లాసుది. అంటే పూర్తి స్కేలులో 2.5 శాతం దాకా తప్పు చూపొచ్చు, 0.25 బార్. 6 బార్ల పనిలో పావు బార్‌ను ఎవరూ పట్టించుకోరు. నేను పెట్టేది 0.8. అందులో పావు బార్ తేడా అంటే మూడింట ఒకవంతు, అంటే గుడ్డిగా నడపడమే. దాన్ని పీకేసి 0 నుంచి 2.5 బార్ల గేజ్, 1.6 క్లాసుది బిగించాం. ఇప్పుడు తప్పు 0.04 దాటదు.

రెగ్యులేటర్ కూడా అంతే. కంప్రెసర్ ట్యాంకులో గాలి 6కు పడుతుంది, 8కి ఎక్కుతుంది, మళ్లీ పడుతుంది. ఒక్క రెగ్యులేటర్‌తో 8 నుంచి 0.8కి దించితే ఆ ఊపు కొంత నాజిల్ దాకా వస్తుంది. అందుకని రెండు మెట్లు పెట్టాం. మొదటిది 3 బార్లకు దించుతుంది, రెండోది, తక్కువ ఒత్తిడి కోసమే చేసిన ప్రిసిషన్ రకం, పని ఒత్తిడికి దించుతుంది. ఖర్చు కాస్త పెరిగింది. ఈ మొత్తం సెట్టులో నేను బేరమాడకుండా కొన్నది ఈ రెండో రెగ్యులేటర్ ఒక్కటే.

హోస్ సంగతి తమాషాగా ఉంటుంది. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, పొడవు 10 మీటర్లు ఉంటే ఈ గాలికి పావు బార్ దాకా దారిలోనే పోతుంది. లావు హోస్ వేస్తే ఆ నష్టం ఉండదు, కానీ వేగం తగ్గి పొడి కూర్చుంటుంది. సన్న హోస్‌నే ఉంచి పొడవు సగానికి కోశాం, పాట్‌ను కూసం దగ్గరికే తోసుకున్నాం. నాజిల్ దగ్గర నిజంగా ఎంత ఉందో సూది గేజ్‌తో కొలిచాం. హోస్‌లోకి సూది గుచ్చి చూసేది, పాతకాలం బ్లాస్టింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది. పాట్ మీది అంకెను కాక ఈ అంకెనే నోటు పుస్తకంలో రాశాం.

పాట్‌కు సేఫ్టీ వాల్వ్, హైడ్రాలిక్ టెస్ట్ సర్టిఫికెట్ ఉండాలి, చెయ్యి వదలగానే ఆగిపోయే డెడ్‌మ్యాన్ హ్యాండిల్ ఉండాలి. తక్కువ ఒత్తిడి అని వీటిని వదిలేయకూడదు. పాట్ అవతల 8 బార్ల ట్యాంకు ఉంది.

ఏ పొడి

అక్రూట్ చిప్ప పొడి, మొక్కజొన్న బెండు పొడి సున్నం మీద నిలబడవు, తగిలి జారిపోతాయి. వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, కాఠిన్యం 2.5. పేరున్న పద్ధతే, లోహం మీదికి హాయిగా వాడతాను. కానీ సోడియం ఉప్పు రాతి అతుకుల్లో, మట్టి గోడలో చేరి తడి తగిలి ఆరినప్పుడల్లా తెల్లగా పొంగుతుంది. ఇల్లాంటి ఇంట్లో వద్దనుకున్నాను.

చివరికి కాల్సైట్ పొడి మీద కుదిరింది. రాతిది, సున్నానిది, పొడిది మూడింటిదీ ఒకే కాఠిన్యం. సందుల్లో ఇరుక్కుపోయినా రాతికి పరాయిది కాదు. తాడిపత్రి వైపు ఖనిజాలు పొడిచేసే మిల్లులకు కొదవ లేదు, అయితే వాళ్లు అమ్మేది ఎక్కువగా 300 మెష్ (జల్లెడ కళ్ల లెక్క, అంకె పెరిగేకొద్దీ సన్నం) పిండి, 50 మైక్రాన్ల లోపుది. అది పాట్‌లో గోడలా గడ్డకట్టి దిగదు. 100 మెష్‌లో పడి 200 మెష్ మీద నిలిచేది కావాలి, అంటే 75 నుంచి 150 మైక్రాన్లు. జల్లెడ పట్టించి తెచ్చుకున్నాం. మిల్లులో "ఈ సన్నది వద్దా, అందరూ దాన్నే అడుగుతారే" అని విడ్డూరంగా చూశారు.

సన్న పొడికి తేమ శత్రువు. ఒత్తిడి చేసిన వేడి గాలి హోస్‌లో చల్లారి నీరు వదులుతుంది. కంప్రెసర్ తర్వాత రాగి గొట్టం చుట్టతో చల్లార్చి, నీళ్లు వేరుచేసే ఫిల్టర్, దాని తర్వాత సిలికా జెల్ డ్రయ్యర్ పెట్టాం. జెల్ నీలం పోయి గులాబీ రంగుకు తిరగగానే మార్చడం ఒక కుర్రాడి పని.

పరీక్ష ముక్కలు

చివరి కూసం వెనుక, గోడ వైపు, అరచేయి అంత ముక్కలు గుర్తుపెట్టాం. ఒక ముక్కలో రంగు, సున్నం అంతా సర్జికల్ బ్లేడుతో ఓపిగ్గా తీశాం. దానికి బ్లాస్టింగ్ తగలనివ్వలేదు. మిగతావన్నీ దానితో పోల్చి చూసుకోవడానికి.

చూడటం పొడిగా ఉన్నప్పుడే చూడాలి. తడిపితే తెల్లబారిన రాయి కూడా నల్లగా, నిగనిగలాడుతుంది. మిషన్ డెమోలో అమ్మకందారు పని కాగానే తడిగుడ్డతో తుడిచి చూపిస్తే, ఆరిందాకా కుర్చీ వేసుకుని కూర్చోండి. టార్చ్‌ను పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించి వేయాలి, అప్పుడే ఉలి గాటు అంచు తెలుస్తుంది. పది రెట్ల భూతద్దం నగల అంగళ్ల ఊరిలో దొరకడం కష్టం కాదు.

1.5 బార్ దగ్గర సున్నం తొందరగా పోయింది, రాయి మసకబారింది. 0.5 దగ్గర రాతికి ఏమీ కాలేదు, సున్నానికీ ఏమీ కాలేదు. 0.8 దగ్గర, నాజిల్ ఒక జానెడు దూరంలో, వాలుగా పట్టినప్పుడు సున్నం రేకులుగా లేచింది, కింద గాట్లు బ్లేడు ముక్కలో ఉన్నట్టే ఉన్నాయి. ఇదంతా నాజిల్ దగ్గరి ఒత్తిడి.

వాలు సంగతి చాలామంది చెయ్యి అలవాటుకు వదిలేస్తారు. రాయిలాంటి పెళుసు వస్తువు ఎక్కువ అరిగేది నిటారుగా తగిలినప్పుడు. సాగే గుణం ఉన్నవి 20, 30 డిగ్రీల వాలులో ఎక్కువ తెగుతాయి. వాలుగా కొడితే రాతికి దెబ్బ తగ్గుతుంది, పొర అంచు కింద గాలి దూరి దాన్ని పైకి లేపుతుంది. రెండు విధాలా మనకే లాభం.

ఆయిల్ పెయింట్‌కు మాత్రం ఈ మిషన్ వాడలేదు. ఒకటి, అది సాగుతుంది, పొడి దాని మీద ఎగిరి పడుతుంది. రెండు, సీసం. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఈ ఆకుపచ్చ అంతకన్నా చాలా పాతది. దాన్ని దుమ్ము చేసి పంచలో ఎగరేయడం పిల్లలున్న ఇంట్లో చేయదగిన పని కాదు. రంగును మెత్తబరిచే జెల్, డైక్లోరోమీథేన్ అనే ద్రావకం లేనిది, రాసి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ గీకుడు పలకతో తడిగానే తీసి, సంచుల్లో కట్టి వేరుగా ఉంచాం. రాయి తుడిచి, బాగా ఆరిన తర్వాతే సున్నం మీదికి మిషన్ తీసుకుపోయాం.

పొడి కాల్సైట్ అయినంత మాత్రాన ముక్కు మూసుకోనక్కరలేదని కాదు. పి100 ఫిల్టర్ ఉన్న మాస్కు, కళ్లద్దాలు, పంచ చుట్టూ టార్పాలిన్, లోపల వాక్యూమ్. ఇసుక మాత్రం నా షెడ్డులోకే రానివ్వను. బ్రిటన్ బ్లాస్టింగ్‌లో ఇసుకను నిషేధించింది 1949లో. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఇసుక దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను తప్పక తెలియజేయాల్సిన జబ్బుల పట్టీలో పెట్టింది. అయినా మన వైపు రోడ్డు పక్క షెడ్లలో మూతికి తువ్వాలు కట్టుకుని ఏటి ఇసుక కొడుతూనే ఉన్నారు.

వాకిలి

టేకు వాకిలి కూడా అదే మిషన్‌తో చేయమన్నారు. చెయ్యలేదు. టేకులో ఏటేటి వలయాల్లో మెత్తటి భాగం, గట్టి భాగం పక్కపక్కనే ఉంటాయి. ఎంత నెమ్మదిగా కొట్టినా మెత్తనిది ముందు దిగిపోయి గట్టిది గీతలుగా లేచి నిలుస్తుంది. చెక్కిన చిలక ముక్కు దగ్గర ఆ గీతలు లేస్తే మళ్లీ నున్నన చేసే దారి లేదు. జెల్‌తో, వెదురు పుల్లలతో చేతిపనిగానే చేయించాం. లోతు సందుల్లో మిగిలిన మురికికి మాత్రం మొక్కజొన్న బెండు పొడి, అర బార్ దగ్గర. తమ్ముడాయన హైదరాబాదు నుంచి ఫోన్‌లో "మిషన్ కొని చేత్తో గీకడమేంది" అన్నాడు. పెద్దాయనే సర్దిచెప్పినాడు.

ఈ పని చూసి చుట్టుపక్కల గుళ్ల ధర్మకర్తలు ఇద్దరు ముగ్గురు అడిగారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని ఎవరు డబ్బిచ్చినా ముట్టుకోను, అది ఆ శాఖ పని. మిగతా గుళ్లకు దేవాదాయ శాఖ అనుమతి కాగితం చూపమంటాను. శాసనం ఉన్న రాయి అయితే కాగితం ఉన్నా పాట్ తీయను, బ్లేడు, బ్రష్షు, అవసరమైతే పెన్ బ్లాస్టర్.

తర్వాత

కూసాలు బయటపడ్డాక వాటికి మెరుపు రావడానికి వార్నిష్ కానీ, సీలర్ కానీ పూయమని ఇంట్లో అందరూ అడిగారు. ఒక వానాకాలం ఆగుదామన్నాను. ఆగడం మంచిదైంది. రెండు కూసాల అడుగున, గచ్చు కలిసే చోట, సన్నగా తెల్లటి ఉప్పు లేచింది. వేలితో తీసి నీళ్లలో వేస్తే కరిగింది, అంటే అది మా కాల్సైట్ పొడి కాదు. పంచ గచ్చు వాలు వీధి వైపు కాక కూసాల వైపు ఉంది, కడిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. సీలర్ పూసి ఉంటే ఆ ఉప్పు లోపలే గట్టిపడి రాతి పొర లేపేది. ఇప్పుడు ఆ రెండు కూసాల దగ్గర బండలు లేపి వాలు సరిచేయడానికి మేస్త్రీ వస్తున్నాడు. ఉప్పును పొడి బ్రష్షుతో తుడుస్తుండమని, నీళ్లు మాత్రం పోయొద్దని చెప్పి వచ్చాను.